వంతు ఎగ్గొట్టినవాడు

సముద్రపు ఒడ్డున ఉన్న టెర్న్ బే అనే ఊళ్ళో మనిషిని తూచడానికి ఒకటే తక్కెడ. బార్లో నలుగురు కలిసి నిలబడ్డారంటే నాలుగు వంతులు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు వెళ్ళి నలుగురికీ బీరు తేవాలి. పెళ్ళాన్ని వదిలేసినవాణ్ణి ఆ ఊరు ఏడాదిలో క్షమిస్తుంది. పక్కవాడి పడవని రాళ్ళకి కొట్టినవాణ్ణి రెండేళ్ళలో క్షమిస్తుంది. ముగ్గురు తెచ్చింది పుచ్చుకుని, తన వంతు రాగానే జారుకున్నవాడి సంగతి మాత్రం వాడి మనవల దాకా చెప్పుకుంటుంది.

బ్రాన్విన్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. నలభై ఏడేళ్ళు. ఆమెకి ఉన్నదల్లా ఒక తెల్ల ఫ్రీజర్ లారీ, దాన్ని సమయానికి చేర్చే అలవాటు. పదకొండేళ్ళు చేపల ఫ్యాక్టరీ సరుకు అడిలైడ్‌కి మోసింది. డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మిగిలిన దారి ఒక్కటే. ఆల్చిప్పలు పెంచేవాళ్ళందరూ కలిసి నడుపుతున్న షెడ్డు కొత్త లారీ కోసం చూస్తోంది. ఆ పని తనకి రాకపోతే లారీ అమ్మేసి, ఏ సూపర్ మార్కెట్ కౌంటర్ వెనకో నిలబడాల్సిందే. 

నెలకొకసారి మొదటి బుధవారం సాయంత్రం ఊరి వ్యాపారులందరూ నోలా బార్లో కలుస్తారు. చేతులు కలుపుతారు, కార్డులు పంచుకుంటారు, ఎవరి చేతిలో ఏ పని ఉందో వాసన పడతారు. ఫిబ్రవరి బుధవారం బ్రాన్విన్ కొత్తగా అచ్చు వేయించిన కార్డులు జేబులో పెట్టుకుని వెళ్ళింది. షెడ్డుకి సెడూనా వైపు నుంచి కొత్త మేనేజరు వచ్చాడని విన్నది గానీ మనిషిని చూడలేదు. చూడగానే పోల్చుకుంటానని ఆమె ధీమా. "చెయ్యి కలిపితే చాలు, మనిషి ఎంత బరువో చెప్పేస్తా" అని పదిమందిలో గొప్పలు పోయేది.

ఆ సాయంత్రం ఆమె ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కొత్తవాడి పక్కన చేరింది. వాడే మేనేజరని నిర్ణయించుకుని రెండు కార్డులిచ్చింది. వాళ్ళతో పాటు హార్డ్‌వేర్ కొట్టు డెస్, ఇంకో పెద్దమనిషి. అతనికి యాభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన చొక్కా, చేతులనిండా చిప్పలు కోసిన గీతలు.

"నువ్వేం చేస్తుంటావ్?" అని మర్యాదకి అడిగింది.

"షెడ్డులో పని" అన్నాడతను. "నా పేరు క్లెమ్. ఆ తెల్ల లారీ..."

ఏదో చెప్పబోయాడు. షెడ్డులో చిప్పలు కడిగేవాడనుకుంది బ్రాన్విన్. మాట పూర్తికాకుండానే ఇస్త్రీ చొక్కావైపు తిరిగింది. కార్డు ఇవ్వలేదు.

డెస్ ఒక వంతు తెచ్చాడు. ఇస్త్రీ చొక్కావాడు ఒక వంతు తెచ్చాడు. బ్రాన్విన్ ఒకటి తెచ్చింది. నాలుగోది క్లెమ్‌ది. అతను కౌంటర్ వైపు చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు. "వెళ్ళాలి, ఏమనుకోకండి" అని గొణిగి గుమ్మం దాటేశాడు.

"జేబులో తేలుందేమో పాపం, చెయ్యి పెట్టడానికి భయం" అంది బ్రాన్విన్. బార్లో సగంమంది వినేటట్టే అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ తిరిగి చూస్తే క్లెమ్ గుమ్మంలో ఉన్నాడు. టోపీ మర్చిపోయి వెనక్కి వచ్చినట్టున్నాడు. కుర్చీ మీది టోపీ తీసుకుని ఎవరి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం మేకుల కోసం వెళితే డెస్ పళ్ళన్నీ బయటపెట్టాడు.

"నీ తేలు మనిషి ఎవరో తెలిసిందా?"

"ఎవరు?"

"షెడ్డు కొత్త మేనేజరు. వచ్చే శుక్రవారం లారీ ఎవరిదో తేల్చేది ఆయనే. ఆ ఇస్త్రీ చొక్కావాడు సోలార్ పలకలు అమ్ముకునేవాడట. నీ కార్డు చూసి నాలుగుసార్లు ఫోన్ చేశాడా లేదా?"

చేశాడు. ఐదుసార్లు చేశాడు. బ్రాన్విన్ మేకులు తీసుకోకుండానే బయటికి వచ్చింది. అరికాళ్ళు చెమటపట్టి చెప్పుల్లో జారుతున్నాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళమ్మ చిన్నప్పుడు వందసార్లు చెప్పింది. వందసార్లూ వినకుండా ఆడుకోవడానికి పోయింది.

శనివారం, ఆదివారం ఆమెకి కంటిమీద కునుకు లేదు. లారీ తలుపు మీది తన పేరును ఎవరో గీకేస్తున్నట్టు అనిపించేది. వెళ్ళి క్షమించమని అడగొచ్చు. కానీ ఆ ఊళ్ళో క్షమాపణ నోటితో చెప్పే అలవాటు లేదు. తప్పు చేసినవాళ్ళు ఒక పెట్టె బీరు తెచ్చి గుమ్మంలో పెడతారు, అవతలివాళ్ళు తీసి లోపల పెట్టుకుంటారు, అంతటితో సరి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే కష్టం కూడా ఉండదు. మాటలంటే భయపడే మనుషులు కనిపెట్టిన పద్ధతి అది.

సోమవారం పోర్ట్ లింకన్‌లో లారీకి సర్వీసింగ్ చేయించి, వస్తూ వస్తూ దారిలో ఒక పెట్టె కొంది. ఇరవై నాలుగు డబ్బాలు, మంచి రకం, మంచులా చల్లగా ఉన్నాయి. క్లెమ్ ఇల్లు ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల, కంకరరోడ్డు చివర, నీళ్ళ ఒడ్డున ఒక్కటే ఉంటుంది. పదకొండింటికి వెళితే ఇంట్లో ఎవరూ లేరు. కుక్క ఒకటి వచ్చి ఆమె చెయ్యి నాకింది. అతను లేనందుకు ఆమెకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. వరండాలో సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పెట్టె పెట్టింది, కనబడకుండా పోతుందేమోనని. ఆ రోజు ఇవ్వని కార్డు తీసి, వెనక ఇలా రాసి పెట్టె మీద దూర్చింది: "బుధవారం నోరు జారాను. నీ వంతూ నా వంతూ ఇందులోనే. వేడెక్కకముందే తాగేయ్. బ్రాన్విన్."

తిరిగి వచ్చేటప్పుడు పాటలు పెట్టుకుంది.

రెండున్నరకి నోలా బార్లో దూరింది. సోమవారం మధ్యాహ్నం ఎవరూ ఉండరు. నోలా అరవై ఏళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఆ కౌంటర్ వెనకే ఉంది. గ్లాసులు తుడుస్తోంది.

"క్లెమ్ సంగతి సర్దేశాను. నాకిక భయం లేదు" అంది బ్రాన్విన్ స్టూలు మీద కూర్చుంటూ.

"ఎలా సర్దావ్ తల్లీ?"

"ఇంకెలా? ఒక పెట్టె పట్టుకెళ్ళి గుమ్మంలో పెట్టొచ్చా."

నోలా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఏం పెట్టె?"

"బీరు పెట్టె. ఏం, పాల పెట్టె అనుకున్నావా?"

నోలా గ్లాసు కింద పెట్టింది.  "బుధవారం మీరు వెళ్ళాక బల్ల తుడవడానికి వెళ్ళాను. కిటికీ తెర వెనక మూడు గ్లాసులున్నాయి. మూడూ నిండుగా ఉన్నాయి. చుక్క తాగలేదు అతను."

"తాగకపోవడమేంటి? మూడు పుచ్చుకున్నాడు."

"పుచ్చుకున్నాడు. కాదంటే ఎందుకని అడుగుతారుగా మీరు. ఊళ్ళోకి వచ్చిన రోజే నాతో చెప్పాడు. పదకొండు నెలలైందట మానేసి. అంతకుముందు సెడూనాలో మూడు రోజులు తాగి వానగుంటలో పడివుంటే తీశారట. ఇంకోసారి తాగితే లివర్ మిగలదు, మనిషీ మిగలడు అన్నాడట డాక్టరు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఇప్పుడు చెప్పక ఏం చెయ్యను?"

బ్రాన్విన్ స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"మరి... ఎందుకొచ్చాడు బార్‌కి? తాగనివాడు ఎందుకు రావాలి?"

"నీకోసం వచ్చాడు పిచ్చిదానా. ఆ తెల్ల లారీ ఆవిడ ఎవరు, ఎప్పుడూ సమయానికి చేరుస్తుందటగా, ఎక్కడ కలుస్తుంది అని నన్నే అడిగాడు. బుధవారం రమ్మని నేనే చెప్పాను."

నోలా ఫోన్ తీసి క్లెమ్ ఇంటి నంబరు కొట్టింది. ఇద్దరూ చెవులు దగ్గర పెట్టి విన్నారు. మోగింది, మోగింది, ఆగిపోయింది. షెడ్డుకి చేసింది. మధ్యాహ్నం తిండికని పన్నెండింటికి ఇంటికి వెళ్ళాడు, ఇంకా రాలేదు, ఎప్పుడూ ఇలా చెయ్యడు అన్నారు అక్కడివాళ్ళు.

"నువ్వు పో. నేను ఫోన్ చేస్తూనే ఉంటా" అంది నోలా.

కంకరరోడ్డు మీద ఖాళీ లారీ డబ్బాలా మోగుతోంది. పదకొండేళ్ళలో ఎన్నడూ అంత వేగంగా నడపలేదు బ్రాన్విన్.  ఫిబ్రవరంటే అక్కడ నడివేసవి, ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి వేడిగా కొడుతోంది. ఈమూ పక్షి ఒకటి అడ్డం వచ్చింది, బ్రేకు మీద కాలు వేస్తే లారీ పక్కకి జారి మళ్ళీ దారికి వచ్చింది.

పన్నెండింటికి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు మూడు. మూడు గంటలు. మూడు గంటల్లో ఎన్ని డబ్బాలు తాగొచ్చో ఆమెకి తెలుసు, ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు. లెక్క వేయకూడదనుకుంటూనే వేసింది. వేడెక్కకముందే తాగేయ్. ఎంత ముద్దుగా రాసింది. తన చేత్తో, తన పేరు పెట్టి, తన కార్డు మీద. విషం పెట్టేవాళ్ళు కూడా కింద పేరు రాయరు.

దేవుడి మీద ఆమెకి పెద్ద నమ్మకం లేదు. అయినా మొక్కింది. లారీ పోతే పోనీ, షెడ్డు పని ఇంకెవరికైనా పోనీ, ఆ మనిషి మాత్రం లేచి నిలబడి నన్ను తిట్టాలి అని మొక్కింది. ఆ మొక్కులో మోసం లేదు. శుక్రవారం గురించి ఆమె అప్పటికే మర్చిపోయింది.

క్లెమ్ బండి ఇంటికి కాస్త ఇవతలే ఆగి ఉంది. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల మనిషి లేడు. సీటు మీద టోపీ ఉంది. ఇంత ఎండలో టోపీ లేకుండా దిగాడు.

వరండాలో పెట్టె ఉంది. ఒక మూల చిరిగిపోయి ఉంది.

"క్లెమ్" అని పిలిచింది.  మళ్ళీ పిలిచింది. ఇంట్లో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. నోలా చేస్తోంది. ఎవరూ తీయలేదు. బ్రాన్విన్ పెట్టె దాటి కిటికీలోంచి చూసింది. సర్దిన పక్క, బోర్లించిన కప్పు ఒకటి, గోడకి తేదీలు కొట్టేసిన క్యాలెండరు. నేల మీద ఎవరూ పడి లేరు. అయితే ఎక్కడ పడ్డాడు? నీళ్ళలోనా?

ఇంటి పక్క నుంచి నీళ్ళవైపు పరుగెత్తింది. ఒడ్డున ఒక చిన్న పడవ బోర్లించి ఉంది. దాని మీద క్లెమ్ కూర్చున్నాడు, ఇంటికి వీపు పెట్టి, నెత్తిన ఏమీ లేకుండా. కదలడం లేదు. మెడ ఎండకి ఎర్రగా కమిలిపోయింది. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నడిచింది. ఊపిరి తీస్తున్నాడో లేదో ఆ దూరం నుంచి తెలియలేదు.

"లారీ చప్పుడు విన్నాను" అన్నాడు వెనక్కి తిరగకుండా. "నీదే అయ్యుంటుందనుకున్నాను."

మనిషి బతికే ఉన్నాడు. ఆమెకి ఏడుపు వచ్చింది. ఏడవాల్సిన చోట నోరు మళ్ళీ జారింది.

"తాగావా?"

అతను అప్పుడూ వెనక్కి తిరగలేదు.

"పోయి లెక్కపెట్టు" అన్నాడు. "పైకి వినబడేటట్టు లెక్కపెట్టు."

బ్రాన్విన్ వెనక్కి వెళ్ళి, ఒడ్డు కనబడే వైపు వరండా మెట్టు మీద కూలబడి పెట్టె విప్పింది. డబ్బాలు వేడెక్కి చేతికి కాలుతున్నాయి. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ ఒకటి, రెండు అని అరిచింది. మూత ఊడినది ఒక్కటీ లేదు. పది. పదిహేను.  ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు.

పెట్టె ఖాళీ అయింది.

మళ్ళీ చూసింది. పెట్టె తిరగేసి దులిపింది. ఏమీ పడలేదు.

క్లెమ్ లేచి ఇటు తిరిగాడు. ఇప్పుడు మొహం కనిపించింది. ఎండకి పెదాలు పగిలిపోయాయి. "ఇరవై మూడేనా?" అన్నాడు. "సరిగ్గా చూడు. నేను తాగలేదు. వచ్చాను, చూశాను, కార్డు చదివాను, ఇటు నడిచాను. అంతే గుర్తుంది. తాగలేదనే అనుకుంటున్నాను. ఇంతకుముందు కూడా అలాగే అనుకునేవాణ్ణి."

  ఆమె నమ్మలేదని కాదు, అతనే అతన్ని నమ్మడం లేదు. గంటల తరబడి ఆ పడవ మీద అతను తనకి తానే కాపలా కాస్తున్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

మోకాళ్ళ మీద కూర్చుని వరండా అంతా వెతికింది. కుర్చీ కింద లేదు. పూలకుండీ వెనక లేదు. మెట్ల కింద చీకట్లో కుక్క పడుకుని తలెత్తి తోక ఆడించింది. దాని ముందు కాళ్ళ మధ్య ఒక డబ్బా. నిండా పళ్ళ గాట్లు, ఒకచోట సొట్ట. కారలేదు. మూత మూతలాగే ఉంది. అట్టపెట్టె మూల ముక్కలు దాని మూతికి ఇంకా అంటుకునే ఉన్నాయి.

"ఇరవై నాలుగు" అని అరిచింది. కుక్క భయపడి లేచింది. "కుక్క తీసింది. ఇరవై నాలుగూ ఉన్నాయి. మూతలన్నీ ఉన్నాయి క్లెమ్."

అతను పడవ మీద మళ్ళీ కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె అటు వెళ్ళలేదు. డబ్బాలన్నీ పెట్టెలో పడేసి, లారీలోకి ఎత్తి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. లాగి చూసి మళ్ళీ ఒకసారి తాళం సరిచూసింది.

అతను నెమ్మదిగా నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, పెట్టె ఉన్న చోటు చూసి, దాటి లోపలికి అడుగు పెట్టాడు. ఆమె వెనకే వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది.

"ఫోన్ మోగడం వినిపించింది. నాలుగుసార్లు మోగింది. తీయాలంటే దాన్ని దాటాలి" అన్నాడు. "దాటేటప్పుడు చెయ్యి ఊరుకుంటుందో లేదో నాకు తెలీదు."

"నాకు తెలిస్తే..."

"నీకెలా తెలుస్తుంది? నేను చెప్పలేదుగా." కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. "ఆ రోజు మూడు గ్లాసులు ఎలాగో కిటికీలో పెట్టగలిగాను. నాలుగు గ్లాసులు చేతుల్లో పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడవడం నావల్ల కాలేదు. తేలు సంగతి నిజమే. జేబులో కాదు, అంతే తేడా."

బ్రాన్విన్ తల దించుకుంది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చేతులు చూసుకుంది. చెయ్యి కలిపితే మనిషి బరువు చెప్పేసే చేతులు. ఆ బుధవారం ఇతని చేతిని అసలు కలపనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి అతను తీశాడు. "ఉన్నాను నోలా" అన్నాడు. "ఇరవై నాలుగు. ఆవిడే లెక్కపెట్టింది." అవతల నోలా ఏడుస్తున్నట్టుంది. చాలాసేపు వింటూ నిలబడ్డాడు.

ఫోన్ పెట్టేసి, బోర్లించిన కప్పు తిప్పి పెట్టాడు. అల్మారా అడుగునుంచి దుమ్ముపట్టిన ఇంకో కప్పు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. టీకి కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. సాయం చేద్దామని ఆమె లేవబోయింది.

"కూర్చో" అన్నాడు. "ఒక వంతు బాకీ ఉన్నాను కదా. నేనే తెస్తాను."

పొయ్యి దగ్గర నుంచి బల్ల దాకా నాలుగు అడుగులు. రెండు కప్పులు రెండు చేతుల్లో పట్టుకుని ఆ నాలుగు అడుగులూ అతను చూసుకుంటూ నడిచాడు. కొంచెం ఒలికింది. 

శుక్రవారం మాట ఇద్దరూ ఎత్తలేదు. టీలో పాలు లేవు, పంచదార లేదు. నాలిక కాలుతున్నా బ్రాన్విన్ కప్పు కింద పెట్టకుండా అడుగుదాకా తాగింది.